తవిటమ్మ తమ్ముడి కంచం

నేను ఒక స్టీలు కంచాన్ని. ఎక్కడో దూరాన పెద్ద మిషను కింద రేకు ముక్కగా పడి, ఒక్క దెబ్బకి అంచు లేచి, కంచమై బయటికొచ్చాను. పలాస బజారులో ఒక సామాన్ల కొట్లో చాలాకాలం బోర్లా పడి ఉన్నాను. పెళ్లిలో చదివించడానికి ఎవరో కొన్నారు. కొట్టువాడు చిన్న మిషనుతో నా అంచు మీద చుక్కచుక్కగా పొడిచి పెళ్లికూతురి పేరు, తవిటమ్మ అని, రాశాడు. కంచానికి నొప్పి ఉండదని మనుషుల నమ్మకం.

తవిటమ్మది జీడిపిక్కలు కొట్టే పని. పిక్కల్లోంచి కారే జీడి రసానికి ఆమె వేళ్లు ఎప్పుడూ నల్లగా ఉండేవి. తల్లి పోయాక తమ్ముడు పోలినాయుణ్ణి తనే పెంచింది. అత్తారింటికి వస్తూ నన్నూ వాణ్ణీ వెంట తెచ్చుకుంది. మొగుడు అసిరినాయుడు ఆటో తోలేవాడు. మంచోడే. నోరు కాస్త ఎక్కువ.

పోలినాయుడు మిలట్రీకి ఎంపికయ్యాడు. వాడికి వెళ్లాలని అంత లేదు. పట్టుబట్టింది తవిటమ్మే. "నాలాగ పిక్కలు కొట్టుకుని బతుకుతావేటి," అంది. ఎవరి కంచం, ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకోవాలన్నారట. ఇంట్లో మంచిదాన్ని నేనే. పాత చీర ముక్కలో చుట్టి నన్ను వాడి ట్రంకుపెట్టెలో పెట్టింది.

అక్కడ పరుగులు, కేకలు వినడమే గాని నేను చూసింది తిండి వేళలే. వరసలో నిలబడాలి. పెట్టింది మింగాలి. ఈల వేసేలోపు నన్ను తోమి, తుడిచి, పెట్టె మీద నిలబెట్టాలి. మొదట్లో పోలినాయుడికి సగం అన్నం నాలోనే మిగిలిపోయేది. తర్వాత నేర్చుకున్నాడు. నమలడం మానేశాడు. నా మీద పేరు చదివిన ఒంగోలు కుర్రాడొకడు, "ఏమ్మా తవిటమ్మా, బువ్వ తిన్నావా," అని ఆటపట్టించేవాడు. పోలినాయుడు నవ్వి ఊరుకునేవాడు.

శిక్షణ అయ్యాక సెలవిచ్చారు. పలాస స్టేషన్లో రైలు దిగాం. పెట్టె నిండిపోయి నేను వాడి చేతిసంచిలో పైనే ఉన్నాను. తవిటమ్మ పని మానుకుని వచ్చి నిలబడి ఉంది. తమ్ముడు దగ్గరికొచ్చి ఆగేదాకా పోల్చుకోలేదు. నెత్తి మీద జుత్తు లేదు. ఒళ్లు ఎండి నల్లబడింది. వాడి చెంపలు పట్టుకుని, "ఏటిరా, ఇలగైపోనావు," అంది.

"బాగున్నానప్పా." ఆ వైపు అక్కని అప్ప అంటారు.

"తిండి పెట్టేవోరా?"

"పెట్టేవారప్పా."

"కొట్టేవోరా?"

"లేదప్పా."

అడిగినదానికే జవాబు. ఆటోలో కూర్చున్నా వీపు వాల్చలేదు. "ఒరే బామ్మర్దీ, ఇది నా ఆటోరా. మీ దొరగారి ఆఫీసు కాదు. కాస్త జారగిలబడు," అన్నాడు అసిరినాయుడు. వాడు జారగిలబడలేదు.

ఇంటికెళ్లాక తవిటమ్మ నన్ను కడిగి అన్నం పెట్టింది. వంకాయ, ఎండు నెత్తళ్ల చేపలు వేసి పులుసు కాచింది. ఎదురుగా కూర్చుని వాడు తింటుంటే చూడాలని ఆమె ఆశ. మంచినీళ్లకని లోపలికెళ్లింది. తిరిగొచ్చేసరికి వాడు పెరట్లో నన్ను తోముతున్నాడు.

"అప్పుడే తినీసినావా? కూర బాగునేదేటి?"

"బాగుందప్పా."

అందులో ఏం వేసిందో కూడా వాడికి తెలీదు. నాకు తెలుసు.

"నీ వంట ఎవరైనా అలగే తినాలి, రుచి తెలీకుండా," అన్నాడు అసిరినాయుడు. తవిటమ్మ నవ్వలేదు. మర్నాడూ అదే తంతు. వాడు బయటికెళ్లాక మొగుడితో అంది: "నానే తోలీసినాను ఆణ్ణి. అక్కడ ఏటైందో చెప్పడు. ఆడి నోటంట వినకండా మళ్లీ పంపను."

"పంపకపోతే ఆళ్లూరుకుంటారా?"

"ఊరుకోకపోతే నన్ను పట్టుకెళ్లమను."

ఆ మధ్యాహ్నం ఆమె వేరే కంచాలు తియ్యలేదు. అన్నమూ పులుసూ నాలోనే వేసి, నేల మీద చతికిలబడి కలిపింది. "ఇద్దరూ కూకోండి. చెయ్యి పట్టరా," అంది. పోలినాయుడి అరచేతిలో ముద్ద పెట్టింది. వాడు మింగేసి మళ్లీ చెయ్యి చాచాడు.

"ఆగరా. మీ బావకి పెట్టొద్దా? నాను తినొద్దా?"

పెట్టే చేతికంటే జోరుగా ఎవరూ తినలేరు. వాడి చెయ్యి నా పక్కన గాలిలో అలాగే ఉంది. ముందు బిగుసుకుని ఉంది. కాసేపటికి మోకాలి మీద వాలింది. వీపు గోడకి ఆనింది.

"నెత్తళ్లేసినావేటప్పా," అన్నాడు.

"నిన్నా ఏసినాను."

ఇంకో ముద్ద తిన్నాడు. నమిలి తిన్నాడు. "మొదట్లో పారిపోయొచ్చేద్దామనుకున్నానప్పా. ఏ గోడ దూకాలో కూడా చూసుకున్నాను."

తవిటమ్మ చెయ్యి నాలో ఆగిపోయింది. "మరెందుకు రానేదు?"

"అక్కడో ఒంగోలోడు తనూ వస్తానన్నాడు. ఆడు పరిగెత్తలేడు. ఆడితో వస్తే ఇద్దరం దొరికిపోతాం. ఆణ్ణొదిలి ఎలగ రానూ?"

అసిరినాయుడికి నవ్వొచ్చి పొలమారింది. నెత్తి మీద తనే కొట్టుకున్నాడు.

"ఇప్పుడు?" అంది తవిటమ్మ.

"ఇప్పుడు పరుగులో నాకంటే ముందుంటన్నాడు. ఇద్దర్నీ ఒక్క చోటికే డ్యూటీకి ఏశారు."

"అయితే ఎళ్తావా?"

"ఎళ్తానప్పా." ఈసారి ఆమె కళ్లలోకి చూసి చెప్పాడు.

తవిటమ్మ చాలాసేపు కలుపుతూ కూర్చుంది. నాలో ఇక కలపాల్సిందేమీ లేదు. తర్వాత పెద్ద ముద్ద చేసి వాడి చేతిలో పెట్టింది.

సెలవు అయిపోయి పెట్టె సర్దుకుంటూ వాడు నన్ను అందుకోబోయాడు. "అది ఉండనీ. నువ్వు కొత్తది కొనుక్కో," అంది తవిటమ్మ.

అప్పట్నించీ నేను ఈ ఇంట్లోనే ఉన్నాను. నా అంచు సొట్టపోయింది. వాడు సెలవుకి వచ్చిన ప్రతిసారీ మొదటి పూట నన్నే మధ్యలో పెట్టుకుని కూర్చుంటారు. ఇప్పటికీ మొదటి ముద్ద గుటుక్కున మింగి చెయ్యి చాస్తాడు.

"ఆగరా," అంటుంది తవిటమ్మ.

ఆగుతాడు.