వేడి మీద తీసిన తొడుగు

మూడో తొడుగు కూడా రోగి నోట్లో విరిగిందని కబురొచ్చిన రోజున పెద్దామె తేల్చేసుకుంది. ఇది చిన్నామె నిర్వాకమే.

పళ్లకు తొడుగులు చేసే ఆ ల్యాబ్‌లో పనిచేసేది ఇద్దరే, తోడికోడళ్లు. పెద్దామె ఇరవై రెండేళ్లుగా తొడుగులు చెక్కి రంగులు దిద్దుతోంది. చిన్నామె మూడేళ్ల కిందట వచ్చి, వేళ్లు కాల్చుకుని మరీ కొలిమి పని నేర్చుకుంది. గాజు పింగాణీ దిమ్మ కాల్చకముందు ఊదారంగులో, చెక్కడానికి అనువుగా ఉంటుంది. కొలిమిలో ఎనిమిది వందల నలభై డిగ్రీల దగ్గర నిలిపితే లోపల సన్నటి పలుకులు పుట్టి ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. దానికి పంటి రంగు, పంటి బలం అప్పుడే వస్తాయి. కాల్చాక మూత తీయకుండా నిదానంగా చల్లారనివ్వాలి కూడా. అంత ఓపిక లేనివాళ్ల కోసం ఆ కొలిమికి తొందర మీట ఒకటుంది. పెద్దామె కన్ను ఆ మీట మీదే పడింది.

"నాలుగోది విరిగితే నేను రోగులకు మొహం చూపించలేనండీ," అంది ల్యాబ్‌కు పని పంపే క్లినిక్ డాక్టరమ్మ ఫోన్లో. "శుక్రవారంలోగా కొలిమి దగ్గర మనిషిని మార్చండి. లేకపోతే నేను ల్యాబ్‌నే మార్చుకుంటాను."

కొలిమి దగ్గర మనిషంటే చిన్నామే. ఆ పని పోతే ఆ పిల్ల మళ్లీ ప్లాస్టర్ కలుపుకుంటూ, అచ్చులు కడుక్కుంటూ కూర్చోవాలి. పెద్దామెకు జాలి కలగలేదు సరికదా, లోలోపల కాస్త హాయిగా కూడా అనిపించింది. నేర్పింది తనే అయినా, ఈమధ్య ఆ పిల్ల మెషీన్ పుస్తకాలు చదివి "ఇలా కాదక్కా, అలా అట" అనడం ఆవిడకు గిట్టడం లేదు.

ఇక కళ్లల్లో వత్తులు వేసుకుని కాపలా కాసింది. చూసేకొద్దీ అనుమానం ముదిరింది. తను గదిలోకి రాగానే చిన్నామె ఫోన్ పెట్టేస్తోంది. కొలిమి ముందు అడ్డంగా నిలబడుతోంది. గురువారం అలమర తీసి చూస్తే దిమ్మల పెట్టెలో ఒకటి తక్కువ. ఆ దిమ్మ ఏమైనట్టు? కాళ్లొచ్చి నడిచిపోయిందా?

"పెట్టెలో ఒకటి తగ్గిందేం?" అని ఆరా తీసింది.

"చెక్కేటప్పుడు పాడైందక్కా," అంటూ చిన్నామె నీళ్లు నమిలింది.

"చెక్కేది నేనైతే నీ చేతిలో ఎలా పాడైందో?"

చిన్నామె డబ్బాలు సంచిలో సర్దుకుని క్లినిక్‌కు బయల్దేరింది. అడుగుల చప్పుడు వీధి మలుపు తిరిగిందో లేదో, పెద్దామె కొలిమి ముందు కుర్చీ లాక్కుంది. ప్రతి కాల్పూ అందులో నమోదై ఉంటుందని తెలుసు. తొందర మీట ఒక్కసారి నొక్కినట్టు కనబడినా చాలు, ఆ పిల్ల నోరు మూతపడుతుంది.

విరిగిన మూడు తొడుగుల తేదీలు వెతికింది. మూడూ నిదానం మీదే కాలాయి. నిలపాల్సినంత సేపూ నిలిచాయి. పెద్దామె మొహం మాడింది. అంతలో పక్క గడిలో మూత తెరిచినప్పటి వేడి కనబడింది. మిగతా అన్ని రోజులూ రెండు వందల లోపే. ఆ మూడు రోజులు మాత్రం ఏడు వందల పైన. పోయిన సోమవారం కూడా అంతే.

దొరికావే, అనుకుంది. గంట ఆగలేక వేడి మీదే మూత తీసేస్తోందన్నమాట. తిరుగులేని సాక్ష్యం కోసం క్లినిక్‌కు తొడుగులు చేరవేసే పుస్తకం కూడా తెరిచింది. ఆ నాలుగు మధ్యాహ్నాలూ, సరిగ్గా ఆ వేళకే, క్లినిక్‌లో చిన్నామె సంతకం ఉంది. ఉన్న ఇద్దరిలో ఒకరు అక్కడుంటే, మూత తీసింది ఎవరు?

పెద్దామె కిటికీ వైపు తిరిగింది. ఎర్రగా ఉండగానే ఇనుప పటకారుతో తీసి, కిటికీ దగ్గరి రాతిపలక మీద పెట్టి, పగటి వెలుతురులో రంగు చూసుకోవడం ఆవిడకు ఇరవై ఏళ్ల అలవాటు. అది తన చేతికి ఎంత మామూలంటే, కొలిమి ముట్టుకున్నట్టే తోచదు. వెనక లోహం ఉన్న పాత పింగాణీ ఆ మోటుతనం ఓర్చుకుంది. ఈ గాజు పింగాణీ ఓర్చుకోదు. చల్లటి రాయి తగలగానే లోపల కంటికి కనబడని బీట పడుతుంది. అది నెలకో రెండు నెలలకో రోగి నోట్లో బయటపడుతుంది.

మంగళవారం తెల్లవారగానే ఇంకో కాల్పు కూడా నమోదై ఉంది. అప్పటికి తను ఇంట్లోనే ఉంది.

చిన్నామె తిరిగొచ్చేసరికి పెద్దామె ఆ కుర్చీలోనే ఉంది.

"మంగళవారం పొద్దున్నే ఏం కాల్చావు?"

చిన్నామె కొలిమి తెరకేసి చూసి సంచి కింద పెట్టింది. "సోమవారం క్లినిక్ నుంచి త్వరగా వచ్చేశానక్కా. నువ్వు కిటికీ దగ్గర రంగు చూసుకుంటున్నావు. ఆ తొడుగు పంపడానికి మనసొప్పలేదు. పక్కన పడేసి, నీ కొలతలతోనే మెషీన్ మీద ఇంకోటి చెక్కి కాల్చాను."

"డాక్టరమ్మకు చెప్పావా?"

"చెప్పాను. తొందర మీట నేనే నొక్కానని."

"నీకేమైనా పిచ్చా? రేపటి నుంచి నిన్ను కొలిమి ముట్టుకోనివ్వరు."

"ఆవిడ పని పంపేది నీ చెయ్యి చూసే కదా. నీ మీద నమ్మకం పోతే ఇద్దరం ఇంట్లో కూర్చోవాలి."

పెద్దామెకు ఏడుపొచ్చింది, సిగ్గేసింది, రెంటికీ మించి కోపమొచ్చింది. "నాకు చెప్పి ఏడవచ్చుగా."

"చెప్తే నమ్మేదానివా అక్కా?"

నమ్మేదాన్నే అనబోయింది. ఫోన్ తీసి డాక్టరమ్మ నంబరు నొక్కింది. అవతల మోగుతుండగా, చిన్నామె మొహంలోకి చూస్తూ చెప్పింది.

"నమ్మేదాన్ని కాదు."