మిద్దెమీది ట్యాంకులో అంటార్కిటికా

ధరణి కుడిచేతికి చూపుడువేలు, నడిమివేలు సగం దాకే ఉంటాయి. మిగతా సగం అంటార్కిటికాలో పోయింది.

గూడూరు నిమ్మకాయల మార్కెట్లో కాయలు ఏరి మూటలు కట్టే పెంచలయ్య కూతురు ఆమె. తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయంలో సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తూ, తన ప్రొఫెసర్ రామచంద్ర నాయకత్వంలో ఆ మంచుఖండానికి వెళ్లింది. అక్కడ రాతిగుట్టల నడుమ మంచినీటి సరస్సులున్నాయి. పైన ఆరడుగుల మందాన మంచుపలక, దాని కింద గడ్డకట్టని నీళ్లు. మంచులోంచి వడగట్టుకొని దిగే మసక వెలుతురులో, సరస్సు అడుగున పచ్చటి పాచి దుప్పటిలా పరుచుకొని ఉంటుంది. ఆ పాచిని అంటిపెట్టుకొని కంటికి కనబడని జీవులు బతుకుతాయి. తిండి తక్కువ, వెలుతురు తక్కువ, చలి ఎక్కువ కాబట్టి అవి పెరగడానికి తొందరపడవు. ఒక్కటి రెండు కావడానికి కూడా రోజులు పడతాయి.

ఆ పాచి తేవడానికి ధరణి మంచుకు బెజ్జం వేసి, తాడు కట్టిన గొట్టాన్ని అడుగుకు వదిలింది. గొట్టం బురదలో ఇరుక్కుంది. తాడు లాగుతుంటే చేతితొడుగు తడిసిపోయింది. రామచంద్ర కిలోమీటరు దూరంలో, వెచ్చగా ఉన్న గుడిసెలో ఉన్నాడు. ఆమె రేడియోలో పిలిచింది.

"సార్, గాలి లేస్తా ఉండాది. నా గ్లవుజు తడిసిపోయింది. ఎనక్కి వచ్చేస్తాను. ఇంకోసారి వచ్చి తీస్తాను."

"ఇంకోసారి ఉండదమ్మా. ఆ పాచి లేకుండా రావద్దు. అరగంట ఓర్చుకో."

అరగంట రెండు గంటలైంది. పాచి వచ్చింది. తొడుగు విప్పి చూసుకుంటే రెండు వేళ్లు సున్నంముక్కల్లా తెల్లగా ఉన్నాయి. రాతికేసి తట్టినా నొప్పి తెలియలేదు. తిరిగొచ్చాక చెన్నైలో డాక్టర్లు వాటిని సగానికి తీసేశారు.

రెండు నెలల తర్వాత ధరణి ల్యాబులో అడుగుపెట్టేసరికి అక్కడ పండగలా ఉంది. ఆ సరస్సు జీవుల్ని పెంచాలంటే ఫ్రిజ్‌లో నలభై రోజులు పెట్టాలి. రామచంద్రకు అంత ఓపిక లేదు. పాచి నీళ్లు పూసిన గాజుబిళ్లలు కొన్ని బయటే పెట్టించాడు. మూడో రోజుకే వాటి మీద పసుప్పచ్చగా చుక్కలు లేచాయి. మంచు కింద పుట్టి తిరుపతి ఎండలో కూడా బతికే జీవి దొరికిందని ఆయన అందరికీ చెప్పాడు. పత్రికలు రాశాయి. ఆర్నెల్లు తిరక్కుండానే పెద్ద వ్యాసం అచ్చయింది. పైన ఆయన పేరు. ధరణి పేరు చిట్టచివర, కృతజ్ఞతల్లో, డ్రైవర్ పేరు తర్వాత.

ధరణికి ఆ పసుపు చుక్కల మీద మొదటినుంచీ అనుమానమే. ఫ్రిజ్‌లో మరిచిపోయిన బిళ్లలు తీసి చూసింది. నలభై రోజులు ఎప్పుడో దాటిన వాటి మీద ఆవగింజలో సగమంత గులాబీ చుక్కలు లేచి ఉన్నాయి. వాటిని ఒక్కరోజు బయట పెడితే చచ్చిపోయాయి. అవి సరస్సువి. మరి పసుపువి ఎక్కడివి? ఒక మధ్యాహ్నం ఆమె నిచ్చెనెక్కి మిద్దెమీది నీళ్ల ట్యాంకులోంచి ఒక సీసా నీళ్లు పట్టుకుంది. మూడు రోజులకు ఆ నీళ్లలోంచీ అదే పసుపు లేచింది. రెండింటి జన్యువులూ చదివించింది. ఒక్క అక్షరం తేడా లేదు. ల్యాబులో నీళ్లు శుద్ధి చేసే యంత్రం పాడైనప్పుడు, ఎవరో సీసాలను ట్యాంకు నీళ్లతోనే కడిగారు.

ఆమె అదంతా నాలుగు కాగితాల్లో రాసి, కింద తేదీ వేసి, సార్‌కు చెబుదామని ఆయన గదికి వెళ్లింది. ఆయన లేడు. బల్ల మీద ఒక ఫైలు తెరిచి ఉంది. అంటార్కిటికా ప్రమాదం మీద ఆయన పంపిన నివేదిక. 'విద్యార్థిని సూచనలను పెడచెవిన పెట్టి, తనంతట తానే చేతితొడుగు తీసివేసినందున ప్రమాదం జరిగినది.' కింద ఆయన సంతకం.

ధరణి నిలబడే అది రెండుసార్లు చదివింది. తన నాలుగు కాగితాలూ మడిచి సంచిలో పెట్టుకుని బయటికొచ్చింది.

ఆ ఆదివారం గూడూరు వెళ్లి తండ్రికి చెప్పింది. పెంచలయ్య చేతిలో నిమ్మకాయ తిప్పుతూ విన్నాడు.

"ఆ గబ్బంతా ఇప్పుడే బయటపెట్టు పాపా. ఎందుకు ఆగేది?"

"ఇప్పుడు చెప్తే ఒక వ్యాసం పోతాది నాయనా. పొరపాటు జరిగిందని దులిపేసుకుంటాడు. ఇంకా పైకి ఎక్కనీ. ఎంత ఎక్కితే అంత కిందికి పడతాడు."

"కుళ్లిన కాయని తెలిసీ మూటలో వదిలితే పక్కన కాయలు గూడా సెడతాయి."

"నాకు ఆయన ఒక్కడే కనబడతా ఉండాడు నాయనా."

పెంచలయ్య చేతిలోని నిమ్మకాయను మూటలో వేశాడు.

రెండేళ్లు ఆమె ఎదురుచూసింది. ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది. రామచంద్రకు శాలువా కప్పిన ప్రతి సభలో ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. వేళ్లు లేని చేత్తో కొడితే చప్పుడు సరిగ్గా రాదు, అయినా కొట్టింది. "ఏమ్మా ధరణీ, మన జీవి ఎట్లుంది?" అని ఆయన అడిగితే, "బాగుంది సార్, ఎండాకాలంలో ఇంకా బాగా పెరుగుతోంది" అనేది. ఆ మాట నోట్లోంచి వస్తున్నప్పుడల్లా నాలుక మీద తీపి తగిలేది.

ఆ మధ్యలోనే ల్యాబులోకి అనీసా వచ్చింది. తిరుపతిలో బట్టలు కుట్టే బుడేన్ సాహెబ్ కూతురు. రామచంద్ర ఆ పిల్లకు పసుపు జీవినే పరిశోధనకు ఇచ్చాడు. జీవుల్ని గాజుబిళ్ల మీద సన్నటి గీతలా ఎలా పూయాలో ధరణే నేర్పింది. అనీసా ఆమెను అక్కా అని పిలిచేది. రంజాన్‌కు సేమ్యా పాయసం తెచ్చి, చెంచా పట్టుకోవడం కష్టమని గ్లాసులో పోసిచ్చేది. చెప్పేద్దామని ధరణి చాలాసార్లు అనుకుంది. చెబితే ఈ పిల్ల నేరుగా సార్ దగ్గరికి పోతుంది, అంతా ముందే బయటపడుతుంది. అట్లా అనుకుని ప్రతిసారీ నోరు మూసుకుంది.

దేశవిదేశాల శాస్త్రవేత్తలు వచ్చిన సభ తిరుపతిలోనే జరిగింది. చలిప్రాంతాల జీవుల మీద కొత్తగా పెట్టబోయే కేంద్రానికి రామచంద్రే అధిపతి అని అప్పటికే అందరికీ తెలుసు. ఆయన గంటసేపు మాట్లాడాడు. చప్పట్లయ్యాక ధరణి లేచి మైకు అందుకుంది.

"సార్, ఈ జీవి ఆ సరస్సులో తప్ప ఇంకెక్కడా లేదన్నారు గదా?"

"ఇంతవరకు ఎక్కడా దొరకలేదమ్మా."

"నాకు దొరికింది సార్. మన డిపార్టుమెంటు మిద్దెమీది ట్యాంకులో."

ఎవరో నవ్వారు. ఆమె తెచ్చిన జన్యుపటాలు తెరమీద పక్కపక్కన కనబడేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. విదేశీయులిద్దరు లేచి తెర దగ్గరికి వచ్చి, ఒక్కో వరుసా వేలితో చూపించుకుంటూ చదివారు. ఒకాయన తల అడ్డంగా ఊపాడు.

"ఇది గదిలో మాట్లాడుకోవాల్సిన విషయం ధరణీ," అన్నాడు రామచంద్ర.

"గదిలో చెప్పేదానికే వచ్చినాను సార్, రెండేళ్ల కింద. మీరు లేరు. గ్లవుజు నేనే తీసేసినానని మీరు రాసిన కాగితం ఉన్నింది." ఆమె ఇంకో కాగితం ఎత్తి చూపించింది. "ఇది ఆ రోజు మన అంటార్కిటికా స్టేషన్లో రేడియో మాటలు రాసిపెట్టిన పుస్తకం నకలు. పాచి లేకుండా రావద్దన్న మాట టైముతో సహా ఉండాది."

రామచంద్ర నీళ్ల గ్లాసు అందుకుని, తాగకుండానే పెట్టేశాడు. ధరణి కూర్చోలేదు. ఆయన వేదిక దిగి, పక్క తలుపు వెతుక్కుని, దాన్ని లాగాలో తొయ్యాలో తెలియక తడబడి బయటికి పోయేదాకా కళ్లు తిప్పకుండా చూసింది. ఒంట్లో రెండేళ్లుగా లేని వెచ్చదనం పాకింది.

అప్పుడు అనీసా కనబడింది. గోడకు అంటించిన తన పరిశోధన పటం ముందు నిలబడి ఉంది. ధరణి దగ్గరికి వెళ్లింది.

"ఎప్పటినుంచి తెలుసక్కా నీకు?"

"నువ్వు చేరకముందు నుంచి."

అనీసా పటాన్ని ఒక మూల నుంచి మెల్లగా ఊడదీయసాగింది. "ఏడాదిన్నర ట్యాంకు నీళ్ల మీద పని చేసినాను. సార్ నిన్ను మంచులో నిలబెట్టినప్పుడు దూరంగా గుడిసెలో ఉన్నాడు. నీ చెయ్యి ఆయనకు కనబడలేదు. నువ్వు నా పక్కనే కూర్చున్నావు గదా."



విచారణ సంఘం కూర్చుంది. వ్యాసం వెనక్కి తీసుకున్నారు. రామచంద్రకు కేంద్రమూ పోయింది, ఉన్న పదవీ పోయింది. ప్రమాదం నివేదికను తిరగరాశారు. చివరికి సంఘం ధరణినీ అడిగింది, ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసిందని. పోయిన నెలే రూఢి అయిందని అనుంటే సరిపోయేది. ఆమె తేదీ వేసిన నాలుగు కాగితాలూ బల్లమీద పెట్టింది. తెలిసీ దాచినందుకు ఆమె పరిశోధన రద్దయింది. వెళ్లిపోయే ముందు గులాబీ జీవుల బిళ్లల్ని అనీసాకు ఇవ్వమని రాసిచ్చింది. అనీసా నెలరోజులు వాటిని ముట్టలేదు. తర్వాత ల్యాబులో ఎవరూ లేని రోజు చూసి తీసుకుపోయింది.

ఇప్పుడు ధరణి చిత్తూరులో ఒక డెయిరీలో పాలు పరీక్ష చేస్తుంది. ఒకసారి పెంచలయ్య అడిగాడు, "ఆ సార్ మీద ఇంకా కోపం తీరలేదా పాపా?"

"తీరలేదు నాయనా. మళ్లీ అట్నే అయితే మళ్లీ అట్నే చేస్తాను. ఆ పిల్లకి మాత్రం ముందే చెప్తాను."

నెలకోసారి ఆమె తిరుపతి బస్సెక్కి బుడేన్ సాహెబ్ దుకాణానికి పోతుంది, కుట్టించుకునేది ఉన్నా లేకపోయినా. ఈసారి ఆయన జాకెట్టు గుడ్డ తీసుకుని, కొలత టేపు మెడలో వేసుకుని, వెనక గది వైపు చూశాడు.

"అనీసా లోపలే ఉందమ్మా. రానంటా ఉంది."

"పర్లేదు," అంది ధరణి. స్టూలు లాక్కుని కూర్చుంది.