మూడో ఆదివారం చిన్నారి లేచి నిలబడింది

చిన్నారికి ముప్పై ఒకటి నిండాయి. నరసరావుపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతుంది. ఎనిమిదేళ్ళుగా అదే కాలేజీ. అయినా ప్రతి జూన్‌లోనూ కొత్తగా చేరిన మనిషిలా ఏడాది కాంట్రాక్టు మీద సంతకం పెడుతుంది. పర్మనెంటు చేస్తామని ప్రిన్సిపాల్ రెండుసార్లు పిలిచి అడిగితే, రెండుసార్లూ "వచ్చే ఏడు చూద్దాం సార్" అని తప్పించుకుంది. ఉండేది లేడీస్ హాస్టల్లో. షాంపూ కూడా చిన్న ప్యాకెట్లే కొంటుంది. సీసా కొంటే మూడు నెలలు అదే వాడాలి కదా అంటుంది.

పెళ్ళి సంబంధాల దగ్గర ఈ గుణం ఇంకా ముదిరింది. మొదటి సంబంధం గుంటూరు నుంచి వచ్చింది. అబ్బాయి నెమ్మదస్తుడు, బ్యాంకులో పని. ఇక తేదీ అనుకుందాం అనేసరికి చిన్నారి బీఎడ్ చదువుతానని అప్లికేషన్ పెట్టింది. రెండో సంబంధం వాళ్ళు ప్రధానానికి ఉంగరం కొలత అడిగారు. వేలికి దారం చుట్టి తెస్తానని లోపలికి వెళ్ళిన పిల్ల, పెరటి తలుపు తీసుకుని నరసరావుపేట బస్సెక్కింది. ఆ బీఎడ్ కూడా సగంలోనే వదిలేసింది.

"ఇది మనిషి కాదు, జారుముడి," అనేది తల్లి గ్రేసమ్మ. తండ్రి బాలశౌరి ఏమీ అనేవాడు కాదు. గురజాలకు ఆరు కిలోమీటర్ల దూరంలో వాళ్ళ ఊరు. ఆయనకు మూడెకరాల మిరప, ఒక బోరు, వాటితోనే సరిపోయేది.

నిజానికి చిన్నారికి మగవాళ్ళంటే భయం లేదు, కాపురమన్నా భయం లేదు. తనంటేనే తనకు భయం. కుట్టుమిషను నేర్చుకోబోయి జాకెట్టుకు ఒక చెయ్యి కుట్టి ఆపేసింది. హిందీ పరీక్షలు రెండు రాసి మూడోది ఎగ్గొట్టింది. గుళ్ళో పాటల బృందంలో ఒక క్రిస్మసు పాడి, రెండో క్రిస్మసు రాకముందే బయటికొచ్చింది. రేపు మొగుణ్ణి కూడా అలాగే విసుగొచ్చి వదిలేస్తే? ఒంటిచెయ్యి జాకెట్టయితే బీరువాలో పడి ఉంటుంది. మనిషిని ఏ బీరువాలో పెట్టాలి?

అలాంటి చిన్నారికి జోజి దొరకడం మోటారు కాలిపోవడం వల్ల జరిగింది.

రెండేళ్ళ కిందట, మిరప పండుబారే రోజుల్లో బాలశౌరి బోరు మోటారు కాలింది. ఆయనకు జ్వరం. శనివారం ఇంటికొచ్చిన చిన్నారే మోటారును ఆటోలో వేయించుకుని గురజాలలో వైండింగ్ షాపుకు తీసుకెళ్ళింది. లోపల ఒకతను రాగి తీగ చుడుతూ, పెదాలు కదుపుతూ చుట్లు లెక్కపెట్టుకుంటున్నాడు.

"ఎప్పుడిస్తారండీ?" అంది.

అతను ఆగమన్నట్టు వేలు చూపించి, లెక్క పూర్తయ్యాక తలెత్తాడు. "ఎల్లుండి."

"రేపు కాదా?"

"రేపిస్తే వచ్చే నెల మళ్ళీ తెస్తారు. ఎల్లుండిస్తే మూడేళ్ళు నా మొహం చూడాల్సిన పనుండదు."

మోటారు నిజంగానే మళ్ళీ చెడలేదు. చిన్నారి మాత్రం ప్రతి శనివారం ఏదో ఒక వంకతో అతని మొహం చూస్తూనే వచ్చింది. జోజి వాళ్ళ గుడికి వచ్చేవాడే. తండ్రి లేడు, తల్లి ఉంది. తక్కువ మాట్లాడతాడు, బాగా వింటాడు. సాయంత్రం ఏడున్నరకు హాస్టల్లో భోజనం అయ్యాక ఆమె ఫోన్ చేస్తే, ఒక చేత్తో స్క్రూడ్రైవరు తిప్పుతూ ఆ రోజు కాలేజీలో జరిగిందంతా వినేవాడు. పెళ్ళి మాట మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. అతను ఎత్తలేదు గనుకే ఆమె నిలిచింది.

చివరికి ఆ మాట ఎత్తింది చిన్నారే.

నవంబరులో ఒక శనివారం ఇద్దరూ గురజాల బస్టాండు ఎదురుగా బండి దగ్గర పునుగులు తింటున్నారు. జోజి ఏదో రైతు సంగతి చెబుతూ, ఆఖరి పునుగును ఆలోచించకుండానే ఆమె ప్లేటులోకి నెట్టాడు. దానికి చట్నీ కూడా అద్ది మరీ పెట్టాడు. చిన్నారి దాని వంక చూసింది. చూసి, "మనం పెళ్ళి చేసుకుందామా?" అంది.

జోజికి పొలమారింది. నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని అడిగాడు. "నిజంగానే?"

"ఏమో. నోరు జారింది."

"జారిందాన్ని ఎనక్కి తీసుకుంటావా?"

తీసుకుంటానంటే సరిపోయేది. "వద్దులే, ఉండనీ," అంది.

జోజి ఖాళీ ప్లేటు అక్కడే వదిలేసి బైకెక్కి నేరుగా తల్లి దగ్గరికి పోయాడు. దీపాలు పెట్టే వేళకు వాళ్ళమ్మ వచ్చి గ్రేసమ్మ ఇంట్లో కూర్చుంది. గ్రేసమ్మ మరియమాత పటం ముందు మోకరించి ఏడుస్తోంది. ఎందుకే ఏడుస్తావని బాలశౌరి అడిగితే, "ఏడవనీయవయ్యా, ఇట్టాంటి ఏడుపు కోసం పదేళ్ళు చూశా," అంది.

ఒక ఫాదర్ కింద ఉండే ఊళ్ళన్నిటినీ కలిపి విచారణ అంటారు. వాళ్ళ విచారణలో పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు, పూజ చివర్లో వధూవరుల పేర్లు చదువుతారు. ఈ పెళ్ళికి ఎవరికైనా ఏదైనా ఆటంకం తెలిస్తే గురువులకు తెలియజేయాలని చెబుతారు. జనవరి నెలలో చిన్నారి, జోజిల ప్రకటన మొదలైంది.

మొదటి ఆదివారం చిన్నారి పరీక్షల డ్యూటీ ఉందని అబద్ధమాడి హాస్టల్లో ముసుగు తన్నింది. పూజ అయిన వెంటనే గ్రేసమ్మ ఫోన్ చేసింది. "చదివారే! మైకు గణగణలాడిందనుకో. పక్కూరిక్కూడా వినపడుంటది."

రెండో ఆదివారం తప్పలేదు. తెల్లచీర కట్టుకుని తల్లి పక్కన కూర్చుంది. "బాలశౌరి, గ్రేసమ్మల కుమార్తె మరియ చిన్నారి" అని వినపడగానే ముందు వరసల్లోని ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. చిన్నారికి చెవుల్లో హోరు మొదలైంది. మంచినీళ్ళు తాగొస్తానని లేచింది. కుళాయి దాటింది, గేటు దాటింది, తను ఏం చేస్తోందో తెలిసేసరికి బస్సుల షెల్టరు కింద నిలబడి ఉంది.

కాసేపటికి జోజి బండి మీద వచ్చాడు. గుళ్ళో ఆమె మరిచిపోయిన హ్యాండ్‌బ్యాగు చేతికిచ్చాడు.

"బస్సు పదకొండింటికి గానీ లేదు. ఈడ ఎండ పడతది, ఆ కొట్టు దగ్గర కూచో," అన్నాడు. బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

అతను తిట్టి ఉంటే చిన్నారికి హాయిగా ఉండేది. ఆ వారమంతా ఆమెకు నిద్ర సరిగా పట్టలేదు. ఇంత మంచివాణ్ణి నేను ఎప్పుడో ఒకనాడు ఏడిపిస్తాను, అనుకుంది. ఇప్పుడే చెప్పేస్తే పాపం తక్కువ, అని కూడా అనుకుంది.

మూడో ఆదివారం ఫాదర్ ఆరోగ్యస్వామి పేర్లు చదివి, "ఎవరికైనా ఏదైనా ఆటంకం తెలిసినట్లయితే" అంటూ కాగితం మడవబోయారు. చిన్నారి లేచి నిలబడింది.

"నాకు తెలుసు ఫాదర్."

ఫాదర్ కళ్ళజోడు సవరించుకున్నారు. "ఏంటమ్మా అది?"

"నేనే ఫాదర్."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. గ్రేసమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. మగవాళ్ళ వైపు కూర్చున్న జోజి తల దించుకుని చెప్పుల వంక చూసుకున్నాడు. పూజయ్యాక ఆఫీసుకు రమ్మని, ఫాదర్ ఆఖరి పాట ఎత్తించారు. ఆ పాట ఎవరూ పాడలేదు.

ఆఫీసు గదిలో ముగ్గురే ఉన్నారు. బయట వేపచెట్టు కింద ఊరంతా ఉంది. చిన్నారి జాకెట్టు దగ్గర్నుంచి బీఎడ్ దాకా అన్నీ చెప్పింది. ఫాదర్ మధ్యలో ఆపకుండా విన్నారు.

"భయం ఆటంకం కాదమ్మా. అదే ఆటంకమైతే ఈ విచారణలో ఒక్క పెళ్ళి కూడా జరిగుండదు. కానీ నీకు ఇష్టం లేకపోతే మాత్రం చేయను. ఏమంటావు జోజీ?"

జోజి లేచాడు. "ఆపేయండి ఫాదర్. పెళ్ళి కోసం ఎవరినీ తాడేసి కట్టలేం గదా." చిన్నారి వైపు తిరిగి, "ఏం కాదులే. నేను ఊళ్ళోనే ఉంటా. కానీ నీ ఎంటపడను," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి. అందరి ముందు నుంచీ నడుచుకుంటూ బయటికి పోయాడు.

కోరుకున్నది దొరికింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చిన్నారికి గాలి కూడా తేలిగ్గా తగిలింది. ఆ హాయి ఆదివారం ఉంది, సోమవారం ఉంది. మంగళవారం మధ్యాహ్నం దాకా కూడా ఉంది.

మంగళవారం మధ్యాహ్నం క్లాసులో బొద్దింక పాఠం చెబుతుంటే ప్రిన్సిపాల్ తనిఖీకి వచ్చారు. బొమ్మ గీసి కాళ్ళు చూపిస్తున్న సమయంలో నిజం బొద్దింక ఒకటి కిటికీలోంచి ఎగిరొచ్చి ఆయన కాలరు మీద వాలింది. ఆయన బల్లెక్కారు. పిల్లలు దాని కాళ్ళు, మీసాలతో సహా ఉపాంగాలన్నీ లెక్కపెట్టారు. చిన్నారి సాయంత్రం దాకా నవ్వుకుంటూనే ఉంది. ఏడున్నర కాగానే చెయ్యి ఫోన్ తీసింది, వేలు జోజి పేరు మీదికి వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది.

ఫోన్లో కాల్స్ జాబితా పైకి జరుపుతూ చూసింది. నిన్న లేదు, మొన్న లేదు. అంతకుముందు మాత్రం రోజూ ఉంది. వరదలొచ్చి కరెంటు పోయిన రోజు ఉంది. తనకు ఆటలమ్మ పోసి హాస్టల్లో విడిగా పడుకోబెట్టిన రోజులూ ఉన్నాయి. ఇద్దరూ పోట్లాడుకున్న రోజు మూడుసార్లుంది. దేన్నీ చివరిదాకా పట్టుకోలేని మనిషి రెండేళ్ళుగా ఒక్క సాయంత్రం కూడా దీన్ని మానలేదు. పట్టుకున్నానని తనకే తెలియలేదు. బొద్దింక కథ ఎవరికి చెప్పాలో తెలియక చిన్నారి మంచం మీద కూర్చుని ఏడ్చింది.

పొద్దున్నే సెలవు పెట్టి పిడుగురాళ్ళ మీదుగా గురజాల చేరింది. షాపు మూసి ఉంది. వెంకట్రామయ్య అనే రైతు పొలంలో మోటారు దించడానికి జోజి పోయాడని పక్క కొట్టతను చెప్పాడు. ఆటో దిగి, ఎర్రగా పండిన మిరప సాళ్ళ మధ్య చీర ఎత్తిపట్టుకుని నడిచింది.

జోజి బోరు మీద వంగి పైపు బిగిస్తున్నాడు. రైతు వెంకట్రామయ్య ఒక్కడే తాడు పట్టుకుని ఆపసోపాలు పడుతున్నాడు. ఆమెను చూడగానే ఆయన మొహం వెలిగింది.

"సమయానికి వచ్చావమ్మాయ్! కూలోడు రాలా. ఈ తాడు పట్టుకో, ఒదలమాక."

చిన్నారి బ్యాగు గట్టు మీద పడేసి తాడు పట్టుకుంది. జోజి తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు.

"నీ మీద కోపంగా ఉన్నా," అన్నాడు.

"తెలుసు."

"ఆపమన్నందుకు కాదు. ఊరందరి ముందర లేచి చెప్పావు. నా ఒక్కడికి చెప్తే సరిపోయేది."

"తప్పే. నీకు చెప్తే నువ్వు సరే అంటావు. నువ్వు సరే అంటే నాకేం చేయాలో తెలీదు జోజీ, అందుకే."

పైపు ఒకటి దిగింది. వెంకట్రామయ్య దగ్గాడు.

"నిన్న క్లాసులో బొద్దింకొచ్చింది," అంది చిన్నారి.

మొత్తం చెప్పింది. కాలరు దగ్గరికొచ్చేసరికి జోజి పెదవి బిగించాడు. బల్లెక్కారనేసరికి ముందుగా వెంకట్రామయ్య పగలబడ్డాడు, తాడు జారబోయి మళ్ళీ పట్టుకున్నాడు. జోజి మొహం పక్కకు తిప్పుకున్నాడు గానీ, భుజాలు కదులుతున్నాయి.

"ఇది చెప్పటానికొచ్చావా ఇంత దూరం?"

"ఇదే. నాకెప్పుడూ విసుగు రాదని మాటివ్వలేను. భయం పోయిందని కూడా చెప్పను, పోలేదు. కానీ నీకు చెప్పకపోతే ఆ రోజు జరిగినట్టే ఉండట్లా."

జోజి రెంచి కింద పెట్టాడు. "రెండో ఆదివారం నువ్వు బస్సు కాడికి పోయావు చూడు, ఆ సాయంత్రం నేను ఫాదర్ దగ్గర కూచుని గంటసేపు బాధపడ్డా. దీన్ని చేసుకుంటే రోజూ బస్సు షెల్టరు కాడ ఎతుక్కోవాల్నేమో ఫాదర్ అన్నా. నీకొక్కదానికే భయమనుకున్నావా?"

"మరి నాకెందుకు చెప్పలా?"

"నువ్వసలే పారిపోయే రకం. నేను గూడా భయమంటే ఇంకేముంది?"

చిన్నారికి నవ్వొచ్చింది. రెండు చేతులతో తాడు పట్టుకుని ఉండటంతో కళ్ళు తుడుచుకోవడానికి వీల్లేక భుజానికి రాసుకుంది.

"అబ్బాయ్," అన్నాడు వెంకట్రామయ్య ఓపిక నశించి, "చేసుకుంటే చేసుకోండి, మానుకుంటే మానుకోండి. నా చేనుకు నీళ్ళు మాత్రం ఇయ్యాలే పారాల."

మధ్యాహ్నానికి నీళ్ళు పారాయి. ఆయనే ఇద్దరికీ జొన్నరొట్టె, పండుమిరప పచ్చడి పెట్టించి పంపాడు.

ఆ ఆదివారం ఫాదర్ ప్రకటన మళ్ళీ చదివారు. ఆటంకం అనే మాట దగ్గర ఆగి, కళ్ళజోడు పైనుంచి చూశారు. గుడి గుడంతా చూసింది. గ్రేసమ్మ కూతురి చీర చెంగును తన పిడికిట్లో రెండు చుట్లు చుట్టుకుని కూర్చుంది. చిన్నారి కదల్లేదు. బాలశౌరి గట్టిగా "ఆమెన్" అన్నాడు, అక్కడ ఆమెన్ లేకపోయినా.

ఈస్టరుకు ముందు పెళ్ళిళ్ళు చేయని తపస్సుకాలం మొదలయ్యేలోపే పెళ్ళయింది. "మరియ చిన్నారీ, నీవు ఈ జోజిని" అని ఫాదర్ మొదలుపెట్టారో లేదో, "చేసుకుంటా ఫాదర్" అనేసింది. "నన్ను పూర్తిగా అడగనీ తల్లీ," అన్నారాయన. గుడిలో అందరికంటే గట్టిగా నవ్వింది జోజి తల్లి.

ఇప్పుడు గురజాలలో షాపు వెనక వీధిలో కాపురం. చిన్నారి ఆరున్నర బస్సుకు నరసరావుపేట పోయి సాయంత్రం తిరిగొస్తుంది. భయం అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది, ముఖ్యంగా పొద్దున నిద్ర లేవగానే. వచ్చినప్పుడు దాచుకోదు.

"జోజీ, ఇయ్యాల నాకు మళ్ళీ భయంగా ఉంది," అంటుంది దుప్పట్లోంచి.

"ఇడ్లీ చల్లారిపోతన్నాయి," అంటాడు జోజి వంటింట్లోంచి. "ముందు తిను. బస్సులో కూచుని తీరిగ్గా భయపడుదువుగాని."