సత్యానందం ఎడమ చెయ్యి

శనివారం పొద్దున్న కారు వెనక చక్రం ఊడదీస్తున్నప్పుడు సత్యానందానికి మనసు చాలా తేలిగ్గా ఉంది. అంత తేలిగ్గా ఉండడమే అనుమానించాల్సిన సంగతని అప్పుడతనికి తోచలేదు.

కారు పాతది. ఒకప్పుడు మిషన్ ఆస్పత్రి పెద్ద డాక్టరు గారిది. విదేశీ కారు, పెట్టెలా పలకలుగా ఉంటుంది, వెనక చక్రాలకు కూడా డిస్కు బ్రేకులే. డాక్టరు గారు ఊరు వదిలి వెళ్తూ దాన్ని సత్యానందానికి అప్పజెప్పారు. అప్పట్లో అతను సాలూరు లారీ డ్రైవరు. పెళ్లికి ముందు నుంచీ మోకాళ్లు అరిగేదాకా ఘాట్ రోడ్డు మీదే గడిపాడు. ఇప్పుడు లారీ లేదు. ఆదివారం చర్చికి కారు తీయడం, మిగతా రోజులు తుడవడం.

కూతురు స్వర్ణ నర్సు. ఘాట్ ఎక్కాక పొట్టంగి అవతల ఒక చిన్న ఆస్పత్రిలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. కొండల్లో ఊళ్లు తిరిగే పని. సొంత బండి ఉంటేనే ఆ పని, లేకపోతే ఆస్పత్రిలోనే మందులిచ్చే కిటికీ దగ్గర కూర్చోబెడతారు. సోమవారం చేరాలి.

"కారు నేను తోలుకుని పోతాను నాన్నా" అంది.

సత్యానందం వద్దనలేదు. పిల్లలకు అడ్డుపడే తండ్రి కాడని తన గురించి తనకొక మంచి అభిప్రాయం. "ఎనక డిస్కులు అరిగిపోయేయి. కొత్తవి ఎయ్యకుండా ఘాటెక్కితే నానొప్పుకోను. ఏసేక నీ ఇష్టం" అన్నాడు. ఎవరు విన్నా న్యాయమైన షరతే. స్వర్ణ విశాఖపట్నం నుంచి డిస్కులు బస్సు పార్శిల్లో తెప్పించింది. పాతవి ఊడితే కొత్తవి బిగించడం ఎంతసేపు!

పాతవి ఊడలేదు.

ఆ కారు వెనక డిస్కు బోర్లించిన గిన్నెలా ఉంటుంది. గిన్నె లోపల హ్యాండ్ బ్రేకు లైనర్లు. లివరు పైకి లాగితే అవి విచ్చుకుని లోపలినుంచి గిన్నెను గట్టిగా పట్టుకుంటాయి. అందుకని స్వర్ణ పొద్దున్నే అందరికీ వినిపించేలా "హ్యాండ్ బ్రేకు దించేసేను" అని చెప్పి మరీ పని మొదలెట్టింది. ముందు చక్రాలకు రాళ్లు పెట్టింది. చక్రం విప్పింది, డిస్కుని పట్టి ఉండే క్యాలిపర్ తీసి తీగతో పక్కకు కట్టింది, డిస్కు మీదున్న చిన్న స్క్రూ కూడా తిరిగి వచ్చేసింది. ఆ తర్వాత సుత్తితో ఎన్ని దెబ్బలు వేసినా డిస్కు కదల్లేదు.

చప్పుడుకి పక్కింటి దాలయ్య వచ్చాడు. లారీ మెకానిక్కు. లోకంలో ఉన్న కష్టాలన్నీ తుప్పు వల్లే వస్తాయని అతని నమ్మకం.

"తుప్పట్టేసినాది బావా. దీనికి డీజిలూ కిరసనాయిలూ కలిపి తాగించాల."

"తాగించు మరి."

"తాగేక నానినివ్వాల. ఈలోగా మనం టీ తాగాల."

టీ తెచ్చిన లీలారాణి భర్తనీ కూతుర్నీ డిస్కునీ వరసగా చూసింది. "ఈ కారు ఆస్పత్రికి ఎల్తాదా, ఈ కారునే ఆస్పత్రిలో సేర్పించాలా?" అని లోపలికి పోయింది.

టీ అయ్యాక మళ్లీ దెబ్బలు. దాలయ్య ఒక పక్క, స్వర్ణ ఒక పక్క. మోకాళ్ల నొప్పి కాబట్టి సత్యానందం పొద్దున్నట్టే మళ్లీ కారు లోపల డ్రైవరు సీట్లో కూర్చుని సలహాలు చెప్పాడు. ఎండ ఎక్కింది. బైపాస్ మీద లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. దాలయ్య సుత్తి కిందపడేసి నడుం పట్టుకున్నాడు.

"ఇది దిగదు బావా. గ్యాసు కట్టరుతో కొయ్యాల్సిందే. సోమారానికి అవదు."

దిగదు అన్న మాట వినగానే సత్యానందానికి గుండెల్లో ఏదో సర్దుకున్నట్టయింది. లోడుతో ఘాటంతా దిగి చదును రోడ్డు మీదకొచ్చినప్పుడు అలా ఉండేది. "పోన్లే, వొచ్చే నెల సూద్దాం. ఈ నెలకి బస్సులో ఎల్లు" అన్నాడు. తన గొంతు మరీ హుషారుగా వినపడి అతనికే వింతగా ఉంది.

స్వర్ణ చేతులు తుడుచుకుంది. నీళ్ల సీసా కోసం కారు తలుపు తీసి అలాగే ఉండిపోయింది.

"హ్యాండ్ బ్రేకు పైకుంది. ఎవరు లాగేరు?"

"నాను కారే ఎక్కలేదు" అన్నాడు దాలయ్య.

"నువ్వే దించడం మర్సిపోయుంటావు" అన్నాడు సత్యానందం. అబద్ధమని అతనికి తెలియదు. నిజంగానే అలా అనుకున్నాడు.

"పొద్దున్నే దించేను. నువ్వే కదా చూసేవు!"

"ఓలమ్మీ! పొద్దున్నించి మనం తుప్పుతో కాదు, బ్రేకుతో కుస్తీ పడతన్నామేటి?" దాలయ్య నెత్తి కొట్టుకున్నాడు. స్వర్ణ లివరు దించింది. ఎందుకైనా మంచిదని పెద్ద సుత్తి తెద్దామని ఇద్దరూ దాలయ్య షెడ్డుకి వెళ్లారు.

సత్యానందం కాళ్లు చాపుకోడానికి ఒకసారి దిగి, మోకాలు నొక్కుకుంటూ మళ్లీ సీట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడంతే. కటకటమని చప్పుడైంది.

కిందకి చూశాడు. ఎడమ చెయ్యి హ్యాండ్ బ్రేకు లాగి, ఏమీ ఎరగనట్టు దాని మీదే తీరిగ్గా పడుకుని ఉంది.

ఎవరిదో చెయ్యిని చూసినట్టు దాన్ని చూశాడు. ఆగిన బండిలో కూర్చుంటే ఆ చెయ్యి చేసే పని అదే. ఘాట్ మీద తిరిగే సాలూరు డ్రైవరెవడికైనా ఆ అలవాటుంటుంది. బండి ఆగితే గేరు, బ్రేకు, చక్రం కింద రాయి. ఆ మూడూ అయ్యాకే ఊపిరి. కాబట్టి అలవాటే అనుకుని ఊరుకోవచ్చు. కానీ ఇందాకటి హుషారు సంగతేమిటి? అలవాటుకి దిగదన్న మాట వింటే సంతోషం ఎందుకు కలగాలి? నోటితో సరేనన్న పనికి చేత్తో వద్దని చెప్తున్నాడా? షరతు పెట్టిన రోజు కూడా, ఇరవయ్యేళ్ల తుప్పు తన పక్షాన ఉంటుందని లోపలెక్కడో లెక్క వేసుకున్నాడా?

ఆ ప్రశ్నలకు జవాబు దొరక్కముందే వాళ్లిద్దరూ వచ్చేశారు. పెద్ద సుత్తి పడింది. ఆ అదురు ఇరుసులోంచి, సీట్లోంచి అతని వెన్నులోకి వచ్చింది. ఇంకో దెబ్బ. ఇంకొకటి.

"ఊహూ" అంది స్వర్ణ. ఆయాసపడుతోంది. "ఇప్పుడు బ్రేకు కూడా లేదు కదా మావయ్యా, ఎందుకు రాదు?"

"సెప్పేను కదమ్మా. తుప్పు."

తను ఊరుకుంటే చాలు. దాలయ్య తుప్పంటాడు, స్వర్ణ నమ్ముతుంది, సోమవారం బస్సెక్కుతుంది, కిటికీ దగ్గర కూర్చుని మందులిస్తుంది. ఎవరూ అతన్ని ఒక్క మాటనరు. వెనకద్దంలో స్వర్ణ నుదురు కనిపించింది. చెమట, దాని మీద గ్రీజు మరక. మొదటిసారి లోడుతో ఘాటెక్కిన రోజు తన మొహం ఎలా ఉండేదో అతనికి గుర్తులేదు. ఇలాగే ఉండి ఉంటుంది.

గట్టిగా దగ్గాడు. ఆ దగ్గు చాటున బొత్తం నొక్కి లివరు దించాడు. దించి, ఎడమ చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు.

దాలయ్య దెబ్బకి డిస్కు ఠంగుమని ఊడి గచ్చు మీద దొర్లింది.

"సూసేవా! నా సెయ్యి పడితే గానీ దిగలేదు!" దాలయ్య చొక్కా చేతులు పైకి మడిచాడు.

స్వర్ణ డిస్కుని చూడలేదు. కారు పక్కకొచ్చి కిటికీలోంచి వంగి, తండ్రి కూర్చున్న తీరు చూసింది. తొడ కింద ఇరుక్కున్న చెయ్యినీ చూసింది.

"నాన్నా, రెండో పక్క తీసేటప్పుడు నువ్వు కారెక్కకు. అరుగు మీద కూకో."

"ఎండగా ఉన్నాది."

"గొడుగేసుకో."

రెండో డిస్కు ఇట్టే వచ్చేసింది. తుప్పు లేదని దాలయ్యకు కొంచెం బాధ కలిగింది.

సోమవారం తెల్లవారాక స్వర్ణ తోలుతుంటే సత్యానందం పక్క సీట్లో ఘాట్ మొదలయ్యే కోనవలస దాకా వెళ్లాడు. దారి పొడుగునా చేతులు కట్టుకునే కూర్చున్నాడు. అక్కడ టీ తాగారు. కారు ఆగగానే అతను దిగి, వెనక చక్రం కింద ఒక రాయి పెట్టాడు. స్వర్ణ చూసి నవ్వింది. టీ తాగాక స్టీరింగు ముందు కూర్చుని ఇంజను స్టార్టు చేసి, ఊరికే అద్దంలోకి చూస్తూ ఉండిపోయింది.

"ఎల్లవేటే?"

"రాయి నువ్వు పెట్టేవు కదా. నువ్వే తియ్యి."

వంగడానికి మోకాళ్లు ఒప్పుకోలేదు. అయినా వంగి తీశాడు. కారు మొదటి మలుపు దగ్గర ఒకసారి బ్రేకు లైటు వెలిగించి, తిరిగి, కనపడకుండా పోయింది. ఇంజను చప్పుడు కొంతసేపు చెట్ల వెనక పైకి, ఇంకా పైకి పోతూ వినిపించింది. గేరు సరిగ్గానే మారుస్తోంది.

కొండ దిగొచ్చిన లారీ ఒకటి అతని పక్కన ఆగింది. తెలిసిన కుర్రాడే, తల బయటకు పెట్టాడు.

"ఏటి మావా, రాయట్టుకుని రోడ్డు మీద నిలబడ్డావు? ఇల్లు కడతన్నావేటి?"

సత్యానందం చేతిలోకి చూసుకున్నాడు. రాయి ఎడమ చేతిలో ఉంది.

"నేదురా" అని దాన్ని రోడ్డు పక్కకు విసిరి లారీ ఎక్కాడు.