నిన్న ఏం చేశారు?

గణాంకాల కార్యాలయం నుంచి సర్వే ఫోను వచ్చేసరికి ఐవిన్ కాఫీ తాగుతున్నాడు. నిన్న పేపరు చదివారా, టీవీ ఎంతసేపు చూశారు, ఆరుబయట తిరిగారా అని అవతలి అమ్మాయి మర్యాదగా అడుగుతోంది.

నిన్న ఈస్టర్ ఆదివారం. కళ్ళు చెదిరే ఎండ, కాలికింద గట్టి మంచు. అలాంటి రోజున ఎవడైనా ఇంట్లో కూర్చున్నాడంటే ఆ మంచుకొండల లోయలో వాడు జబ్బుమనిషైనా అయుండాలి, పనికిమాలినవాడైనా అయుండాలి. ఐవిన్ కర్టెన్లు మూసేసి, చీకటి పడేదాకా సోఫాలో పడుకుని హత్యల సీరియల్ చూశాడు. మామ తూర్లైవ్ శనివారమే ఫోను చేసి, సరస్సు దారిలో మలుపు దగ్గర ఉంటాను, స్కీలు కట్టుకుని మంచు మీద జారుతూ కలిసి వెళదాం రమ్మన్నాడు. ఐవిన్ వస్తానన్నాడు. వెళ్ళలేదు.

భార్య గున్‌వోర్ వృద్ధాశ్రమంలో నిన్న పొద్దున ఎక్కిన డ్యూటీ ముగించుకుని అప్పుడే వచ్చింది. రొట్టె మీదకి జున్ను కోసుకుంటూ చెవి ఇటే వేసింది.

"స్కీల మీద సరస్సు దాకా వెళ్ళొచ్చానండి. టీవీ జోలికే పోలేదు," అన్నాడు ఐవిన్.

ఫోను పెట్టగానే గున్‌వోర్ నవ్వింది. "అబ్బో, సోఫా నిన్ను వదిలిందన్నమాట. దారిలో నాన్న కనబడ్డాడా?"

"లేదు. కొండ కనుమ వైపు వెళ్ళుంటాడు."

గంట తిరక్కుండానే కబురొచ్చింది. తూర్లైవ్ రాత్రి ఇంటికి చేరలేదు. సరస్సుకీ కనుమకీ దారులు చీలేచోట ఆయన కారు అలాగే ఉంది. వెతకడానికి వెళ్ళేవాళ్ళు ముందు ఎటు వెళ్ళాలని అడిగితే, సరస్సు వైపు నిన్న మా ఆయన చూసొచ్చాడని గున్‌వోర్ చెప్పింది. వాళ్ళు ఐవిన్ వైపు చూశారు. ఐవిన్ తల ఊపాడు. అందరూ కనుమకేసి వెళ్ళిపోయారు.

ముసలాయన నన్ను చూసి చూసి కనుమకే పోయుంటాడు అని ఐవిన్ తనకు తాను చెప్పుకున్నాడు. మధ్యాహ్నం దాటింది. గాలి లేచింది. ఇక కూర్చోలేక షెడ్డులోకి పరుగెత్తి స్కీలు దించాడు.

వెనకే వచ్చిన గున్‌వోర్ గుమ్మంలో ఆగిపోయింది. స్కీల అడుగున, పోయిన వేసవిలో ఎత్తిపెట్టేటప్పుడు పూసిన మైనం తెల్లగా, మందంగా, ఒక్క గీతైనా లేకుండా ఉంది. దాన్ని గీకకుండా ఎవరూ మంచులో అడుగు పెట్టరు.

"నిన్న వేటి మీద వెళ్ళావు?"

ఐవిన్ స్కీల అడుగు గోడవైపు తిప్పాడు. ఆమె జేబులోంచి ఫోను తీసి, వెతికేవాళ్ళను సరస్సు వైపు వెళ్ళమంది.

తూర్లైవ్ సరస్సు మలుపు దగ్గరే దొరికాడు. కాలు విరిగి, రాయికి ఆనుకుని ఉన్నాడు. ప్రాణం పోయి ఎంతోసేపు కాలేదన్నాడు డాక్టరు. సంచిలో ఫ్లాస్కు, రెండు నారింజలు, రెండు కప్పులు ఉన్నాయి. ఒక కప్పు వాడనే లేదు. గున్‌వోర్ దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుంది. ఎవరి కోసమని భర్తను అడగలేదు.

ఖననం అయ్యాక, చర్చి ముందు గున్‌వోర్ తమ్ముడు సిగ్‌బ్యోర్న్ ఐవిన్ దగ్గరికొచ్చాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"బావా, నువ్వు ఆ దారినే కదా వెళ్ళావు. నాన్న నీకెలా కనబడలేదు?"

ఐవిన్ భార్య వైపు చూశాడు. ఆమె చేతి తొడుగులు తాపీగా వేసుకుంటోంది.

"చెప్పు," అంది. "ఆ రోజు ఫోనులో ఆ అమ్మాయికి ఎంత బాగా చెప్పావు! అలాగే చెప్పు."