వెనక్కి తీసుకున్న క్షమాపణ

అయిదింటికే లేచి చినాత్సు గుడ్డట్టు చుట్టింది, అన్నం ముద్దలు చేసింది, సాసేజీలను ఆక్టోపస్ కాళ్లలా చీల్చి వేయించింది. డబ్బాకు మూత పెడుతుంటే అత్తగారు తొంగిచూసి, "అన్నీ గోధుమరంగేనా? ఓ పచ్చటి ముక్క పెట్టకూడదూ? చూసినవాళ్లు ఈ ఇంటినే అంటారు" అంది. చినాత్సు "క్షమించండి" అని మూత తీసి బ్రోకలీ సర్దింది. ఆ మాట ఎప్పుడూ ఆమె నాలుక చివరే ఉంటుంది. రైల్లో ఎవరైనా ఆమె కాలు తొక్కినా ముందు ఆమే చెప్పేస్తుంది.

సైన్సు మ్యూజియానికి వెళ్దామని కూతురు నగిసా ఏడాదిగా అడుగుతోంది. భర్త షిగెతోకి మాత్రం అక్కడ ఇప్పుడు పని పడింది. అతని పాత పెద్ద అధికారి హాచియా రిటైరై, ఆదివారాలు అక్కడ పిల్లలకు బొమ్మలు చూపించి వివరిస్తున్నాడు. "ఆయన మాటకి ఆఫీసులో ఇప్పటికీ విలువుంది. అమ్మా, నువ్వు కాస్త నవ్వుతూ ఉండు" అన్నాడు దారిలో చినాత్సుతో. నగిసా పుట్టిన ఈ ఎనిమిదేళ్లలో అతను పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచింది లేదు. కూతురికి అమ్మయితే తనకీ అమ్మే.

చంద్రుడి నమూనా దగ్గర హాచియా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ పాతికమంది పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు.

"చంద్రుడు మనకెప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడు. ఎందుకో తెలుసా? తన చుట్టూ తాను తిరగడు కనక!"

నగిసా చెయ్యెత్తింది. "తిరుగుతాడు తాతగారూ! భూమిని ఒక్క చుట్టు చుట్టేలోపు తనూ ఒక్కసారి తిరుగుతాడు. అందుకే ఒకే ముఖం!"

ఎవరి తండ్రో ఫక్కున నవ్వాడు. హాచియా చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మా!" అన్నాడు షిగెతో, పళ్ల బిగువున.

చినాత్సు నడుం దానంతటదే వంగింది. కుడిచెయ్యి నగిసా తల వెనక్కి వెళ్లి, ఆ తలనీ కిందికి నొక్కింది. "క్షమించండి. మా పిల్ల తెలియక వాగింది."

"పర్లేదు, పర్లేదు. ఈ కాలం పిల్లలు హుషారు" అన్నాడు హాచియా.

తెలియకట! నేర్పింది ఎవరు? పోయిన వారం వంటింట్లో బల్లని భూమి చేసి, "మొహం బల్లవైపే ఉంచి ఒక చుట్టు తిరుగు" అన్నది తను కాదూ? తిరిగేసరికి నగిసాకి బల్ల అవతల ఫ్రిజ్, కిటికీ, తలుపు, పొయ్యి అన్నీ వరసగా ఎదురొచ్చాయి. "అమ్మా, నేనూ తిరిగిపోయాను!" అని ఆ పిల్ల గెంతిన గెంతుకి గిన్నెలు మోగాయి. భౌతికశాస్త్రం చదివి, బడిలో మూడేళ్లు పాఠాలు చెప్పి, కడుపుతో ఉన్నప్పుడు మానేసింది చినాత్సు. "చంద్రుడు తిరిగితే ఏంటి, తిరక్కపోతే ఏంటి? పొయ్యి మీద చారు పొంగకుండా చూసుకో" అని అత్తగారు అన్నప్పుడు తనూ నవ్వేసింది. ఆ నవ్వుకి ఇప్పుడు సిగ్గేసింది. చేతికి ఇంకా పిల్ల జుట్టు తగులుతున్నట్టే ఉంది. ఆ చేతిని ఎక్కడ దాచుకోవాలో ఆమెకి తెలియలేదు.

భోజనాల గదిలో పక్క బల్ల కుర్రాడు పరిగెత్తుకొచ్చి నగిసాని గుద్దుకున్నాడు. ఆ పిల్ల టీ అంతా గౌను మీద ఒలికిపోయింది. వాడు నోరు తెరిచేలోపే నగిసా లేచి, నడుం దాకా వంగి, "క్షమించండి" అంది.

"తప్పు వాడిది కదే! నువ్వెందుకు చెప్పడం?" అంది చినాత్సు.

"ముందే వంగిపోతే నువ్వు నొక్కక్కర్లేదు కదమ్మా" అంది నగిసా, గౌను పిండుకుంటూ.

చినాత్సు చేతిలోని అన్నం తినే పుల్లలు కింద పెట్టేసింది. నగిసా చెయ్యి పట్టుకుని లేచింది.

"ఎక్కడికి?" అన్నాడు షిగెతో, నోట్లో ముద్దతో.

"చంద్రుడి దగ్గరికి."

అతను వెనకాలే పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఆగు! నా పరువు తియ్యకు!"

హాచియా ముందు చినాత్సు నిటారుగా నిలబడింది.

"హాచియా గారూ, ఇందాక మీకు చెప్పిన క్షమాపణ వెనక్కి తీసుకుంటున్నాను. మా అమ్మాయి చెప్పిందే నిజం. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు."

తర్వాత ఆమె అందరి ముందూ వంగింది, నగిసా వైపు తిరిగి.