అరువు గొంతు

పచ్చిగుడ్డు తాగితే గొంతు నున్నగా పలుకుతుందని ఒతెల్లో, కాదు, వేడినీళ్ళలో తేనె కలపాలని కూతురు లొరెదానా, పొద్దున లేచిన దగ్గర్నుంచి పట్టు వదలడం లేదు.

“జీవితమంతా ట్రామ్ నడిపావు, గొంతు సంగతి నీకేం తెలుసు నాన్నా?”

“గంట కొట్టినా దిగని జనాన్ని దింపింది ఈ గొంతేనే!”

ఒతెల్లో భార్య ఇయొలాందా రెండు గ్లాసులూ గడగడా తాగేసింది. “ఇక నా కడుపులో కొట్టుకోండి. నాకు బస్సు పోతుంది.”

అరవై రెండేళ్ళ మనిషి. మందపాటి నడుము, వెడల్పాటి చేతులు, గరుకు గొంతు. చాకలిదిగా, మంత్రసానిగా, పెళ్ళిలో ఏడ్చే మేనత్తగా అరవై పైచిలుకు సినిమాల్లో కనిపించింది. ఒక్కదాంట్లోనూ ఆమె గొంతు వినబడలేదు. తీసేటప్పుడు బొమ్మే ముఖ్యం; మాటలు తరవాత చీకటిగదిలో ఇంకెవరో అతికిస్తారు. మాటలింకా రాయని రోజుల్లో ఆమె కెమెరా ముందు కన్నీళ్ళు కారుస్తూ “పదిహేను, పదహారు, పదిహేడు” అని అంకెలు చెప్పేది. హాల్లో జనం కూడా ఏడ్చేవారు. “తెరమీద అంత తీయటి గొంతు, బేరమాడేటప్పుడేమైపోతుందమ్మా?” అని సంతలో కూరలవాడు దెప్పేవాడు.

ఈసారి కొత్త దర్శకుడు ఆమె గొంతే కావాలన్నాడు. చచ్చేలోగా ఒక్కసారి తెరమీద తన గొంతు వినాలని ఆమెకెంత ఆశో ఇంటిల్లిపాదికీ తెలుసు.

చీకటిగదిలో ఓ మూల, సన్నపాటి ఆవిడ ఊలు అల్లుకుంటూ కూర్చుంది.

“మీకు కుదరకపోతే చెప్పడానికి నన్ను పిలిచారు. నా పేరు ఎర్సీలియా. ఇరవై రెండు సినిమాల్లో మీ మాట నాదే.”

తెరమీద, తల్లి వేషంలో ఉన్న ఇయొలాందా జైలుకు పోయిన కొడుకు చొక్కా మడతపెడుతోంది. ఇయొలాందా ఉన్న నాలుగు మాటలూ చెప్పింది. దర్శకుడు బాగుందన్నాడు. ఎర్సీలియా అల్లిక ఆపింది.

“ఏమీ అనుకోకండి. మాటకు ముందు మీ ఎడమ భుజం లేస్తుంది. ఊపిరి అక్కడ తీయాలి. మీరెప్పుడూ అక్కడే తీస్తారు.”

“నాకే తెలీదే!”

“ఒక్కో ముక్క నలభైసార్లు చూస్తాను కదమ్మా. మా ఆయన్ని కూడా అంత చూడలేదు.”

ఇయొలాందా పెద్దగా నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. హీరోయిన్ వెనకాల, తలుపు పక్కన, పళ్ళెం పట్టుకుని నిలబడ్డ తనని ఎవరూ చూడలేదనే ఇన్నాళ్ళూ అనుకుంది. ఒక మనిషి తన ఊపిరి ఎక్కడ లేస్తుందో చూస్తూ కూర్చుంది.

“ఏదీ, నువ్వు చెప్పు. వింటాను,” అంది.

ఎర్సీలియా చెప్పింది. తెరమీది తల్లి ఊపిరి తీసుకుంది. తన మొహం చూసి తానే ఏడవడం ఇయొలాందాకు అదే మొదలు.

సాయంత్రం అల్లుడూ మనవలూ కూడా వచ్చి బల్ల చుట్టూ కూర్చున్నారు. సేమ్యా చల్లారిపోతున్నా ఎవరూ ముట్టలేదు.

“గుడ్డు పనిచేసిందా, తేనె పనిచేసిందా?” అన్నాడు ఒతెల్లో.

“రెండూ పనిచేశాయి. గొంతు బాగానే ఉందన్నారు. దాన్ని ఇంట్లో వాడుకుంటాను,” అంది ఇయొలాందా, వడ్డిస్తూనే. “మాటలు ఎర్సీలియానే చెప్పమన్నాను. పేర్లు వేసేటప్పుడు నా పక్కన ఆవిడ పేరూ వేయాలన్నాను. కుదరదంటే నాదీ తీసేయమని సంతకం పెట్టి వచ్చాను.”